విల్ రోజర్స్ కంచు బస్ట్: కొలతలన్నీ కుదిరినా పోలిక ఎందుకు రావట్లేదు?

నమస్కారమండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు జతచేసిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా దగ్గర ఒక చిన్న ఊళ్లో లైబ్రరీ ముందు పెట్టడానికి విల్ రోజర్స్ బస్ట్ (తల, భుజాల వరకే ఉండే విగ్రహం) చేస్తున్నారు. అసలు సైజుకి పాతిక శాతం పెద్దది. తలమీద టోపీ, భుజం మీద తాడు చుట్ట, పళ్లు కనబడేలా నవ్వు. మూడు నెలలుగా క్లే మీదే ఉన్నారు. కాలిపర్స్ (కొలతలు తీసే రెండు కాళ్ల పనిముట్టు) పెట్టి చూస్తే కొలతలన్నీ సరిపోతున్నాయి, అయినా చూసినవాళ్లు "బాగుంది, ఎవరిది?" అని అడుగుతున్నారు. తాడు పోతలో నిలుస్తుందా, మొత్తం బరువెంత వస్తుంది అని కూడా అడిగారు. తాడు, బరువు సంగతి తరవాత. ముందు ఆ "ఎవరిది?" అన్న మాట సంగతి చూద్దాం.

నేను గోదావరి జిల్లాలో 26 ఏళ్లుగా విగ్రహాలు చేస్తున్నాను. అందులో ఎక్కువ భాగం చనిపోయినవాళ్లవే, ఫోటోలు చూసి చేసినవే. కాబట్టి మీ బాధ నాకు కొత్త కాదు. నాలుగేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి డాలస్ వచ్చినప్పుడు పట్టుబట్టి ఓక్లహోమాలోని క్లేర్మోర్ తీసుకెళ్లమన్నాను, జో డేవిడ్‌సన్ అనే అమెరికన్ శిల్పి చేసిన రోజర్స్ విగ్రహం కళ్లారా చూడాలని. అక్కడ ఆ విగ్రహం చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఈ సమాధానంలో సగం ఆ రోజు నేర్చుకున్నదే.

ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. మనకు కౌబాయ్ అనగానే 1971లో తుపాకీ పట్టుకుని గుర్రమెక్కిన కృష్ణగారు గుర్తొస్తారు. విల్ రోజర్స్ ఆ కోవ కాదు. ఆయన చేతిలో తుపాకీ లేదు, తాడుంది. 1879లో ఇప్పటి ఓక్లహోమాలోని ఊలోగా దగ్గర, చెరోకీ కుటుంబంలో పుట్టాడు. తండ్రి పశువుల క్షేత్రంలో పనిచేసే డాన్ వాకర్ అనే నల్లజాతి కౌబాయ్ దగ్గర తాడు విసరడం నేర్చుకున్నాడు. దక్షిణాఫ్రికాలో సర్కస్‌లో 'చెరోకీ కిడ్' పేరుతో ఆడాడు. తరవాత న్యూయార్క్ రంగస్థలం మీద తాడు తిప్పుతూ, తిప్పుతూనే ఆ రోజు పేపర్లో వచ్చిన రాజకీయాల మీద మాట్లాడేవాడు. జనం తాడు చూడటానికి వచ్చి మాటలకు ఉండిపోయారు. పత్రికల్లో కాలమ్‌లు, రేడియో, మూకీలు, టాకీలు, అన్నిట్లోనూ ఆయనే. 1935 ఆగస్టు 15న అలాస్కాలో పాయింట్ బారో దగ్గర విమాన ప్రమాదంలో పోయాడు. విమానం నడుపుతున్న వైలీ పోస్ట్ కూడా పోయాడు. అమెరికాలో ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చారు. అలాంటి మనిషి బొమ్మ చేస్తున్నారు మీరు. అందుకే తప్పు వెంటనే పట్టుబడుతుంది.

మీ ఫోటోల్లో మొదట కనబడిన తప్పు ఇది: మీరు ముగ్గురు మనుషుల్ని కలిపి ఒకణ్ని చేస్తున్నారు. కాలిపర్స్ పెట్టింది 1910ల నాటి స్టేజీ ఫోటోకి. కళ్ల చుట్టూ ముడతలు 1930ల నాటివి. దవడ 1920ల స్టూడియో పోర్ట్రెయిట్‌ది. నలభై అయిదేళ్ల దవడ మీద యాభై నాలుగేళ్ల కనురెప్పలు పెడితే దేనికది కొలతకు సరిపోతుంది, కానీ అలాంటి మనిషి ఎన్నడూ ఈ భూమ్మీద లేడు. ఒక సంవత్సరం తేల్చుకోండి. నన్నడిగితే 1933, 34. జనం గుర్తుపెట్టుకున్న ముఖం అదే. మిగతా ఫోటోలన్నీ గోడ మీంచి తీసేయండి. కళ్లముందు ఉంటే చెయ్యి అటే పోతుంది.

ఉంచుకున్నవాటిలో కూడా స్టూడియో ఫోటోల్ని నమ్మకండి. ఆ కాలంలో నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు చెరిపేసేవాళ్లు, దవడ కింద నీడని సర్దేవాళ్లు. పైగా కెమెరా ఎంత దూరంలో ఉందో మనకు తెలియదు. మూడడుగుల దూరంలో తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోయి చిన్నవవుతాయి. పదడుగుల నుంచి తీస్తే ముఖం వెడల్పుగా, చదునుగా వస్తుంది. రెండు ఫోటోల్లో ముక్కు నుంచి చెవికి కొలత కలవలేదంటే తప్పు మీది కాదు, లెన్స్‌ది. వార్తాపత్రికల వాళ్లు తీసినవి, ఊళ్లో దిగుతున్నప్పుడో గుర్రం మీద ఉన్నప్పుడో తీసినవి వెతకండి. అన్నిటికంటే ప్రాణం పెట్టాల్సింది పక్కనుంచి తీసిన ఫోటో మీద. పక్కరూపం కుదరకుండా ముందువైపు ఎంత చెక్కినా దండగే.

ఇక సినిమాలు. ఆయన టాకీలు 1929 నుంచి 1935 దాకా ఉన్నాయి. సౌండ్ ఆపేసి చూడండి. కథ చూడొద్దు. ఆయన మాట అనబోయే ముందు ఏం చేస్తాడో చూడండి. తల కాస్త దించుతాడు, కనుబొమల కిందనుంచి పైకి చూస్తాడు, నుదుటి మీద పడ్డ జుట్టు మీదికి చెయ్యి పోతుంది. నోట్లో చూయింగ్ గమ్, దవడ కండ ఒక పక్క కదులుతుంటుంది. పెదాలు దాదాపు మూసే ఉంటాయి. నవ్వు నోట్లో లేదు, కింది కనురెప్పలో ఉంది. కింది రెప్ప కొద్దిగా పైకి ఉబ్బి, కంటి మూల ముడతలు చెంప వైపు దిగుతాయి. అక్కడ ఆపి, ఆ ఫ్రేము గీసుకోండి. ఫోటో ప్రింట్ తీసుకోవడం కాదు, పెన్సిల్‌తో గీయండి. చేతికి తెలియాలి.

మీ బొమ్మలో పళ్లు తీసేయమని అంటున్నాను. కష్టంగా ఉంటుందని తెలుసు, పై వరస చాలా శ్రద్ధగా చేశారు. నా మాట ఎందుకు వినాలో చెబుతాను.

పన్నెండేళ్ల కింద మా పక్క మండలంలో ఒక పద్యనాటక నటుడి బస్ట్ ఒప్పుకున్నాను. ఎప్పుడూ నవ్వించే మనిషి, ఆయన నవ్వితేనే బాగుంటుంది అని ఊరివాళ్లన్నారు. పళ్లు కనబడేలా నవ్వు పెట్టాను, నాకూ బాగా నచ్చింది. క్లే అయ్యాక చూడటానికి ఆయన అక్కగారు వచ్చారు, ఎనభై దాటినావిడ. ముందు నిలబడి చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు. మెల్లగా వెనక్కి వెళ్లారు. మెడ వెనక గుంట మీద అరచెయ్యి పెట్టి ఏడ్చేశారు. "ఇది మావాడి మెడే" అన్నారు. మళ్లీ ముందుకొచ్చి, "ఈ పక్క మాత్రం ఎవర్నో పెట్టావు నాయనా" అన్నారు. ఆ రాత్రే నోరు మొత్తం కోసేసి, పెదాలు మూసి, నవ్వు చెంపల్లోకి మార్చాను. రెండ్రోజుల తరవాత ఆవిడే మళ్లీ వచ్చి చూసి, బొమ్మ చెంప నిమిరి వెళ్లిపోయారు.

నవ్వనేది అర సెకను ఉండి పోయేది. కంచు దాన్ని వందేళ్లు పట్టి ఉంచుతుంది. పైగా కంచుకి తెలుపు లేదు. పళ్ల మధ్య గీతలు నల్లగా మిగిలి, నోరు కంచెలా కనబడుతుంది. జనాన్ని నవ్వించినవాడి బొమ్మకి నవ్వు రాబోయే క్షణం కావాలి. చూసేవాడే మిగతాది పూర్తిచేసుకుంటాడు.

డేవిడ్‌సన్ చేసింది అదే. ఆయన బతికున్నవాళ్లని కూర్చోబెట్టి కదలొద్దు అనేవాడు కాదు. మాట్లాడిస్తూ, నవ్విస్తూ చేసేవాడు. 1931లో లండన్‌లో మన గాంధీగారి తల చేసింది కూడా ఈయనే. రోజర్స్ విగ్రహం చేసేనాటికి మాత్రం రోజర్స్ లేడు. ఓక్లహోమా వాళ్లు ఆ కంచు విగ్రహాన్ని వాషింగ్టన్‌లో కాపిటల్ అనే అమెరికా పార్లమెంటు భవనంలోని రాష్ట్రాల విగ్రహాల సేకరణకి 1939లో ఇచ్చారు. దాని జోడు క్లేర్మోర్ మ్యూజియంలో ఉంది. మీకు గంట దూరం కూడా ఉండదు. కాబట్టి ఈ వారమే వెళ్లండి.

వెళ్లి ఏం లేదో చూడండి. టోపీ లేదు. తాడు లేదు. గుర్రం లేదు. నలిగిన సూట్‌లో, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, తల కాస్త ముందుకు వంచి నిలబడి ఉంటాడు. దేశంలోకెల్లా పేరున్న తాడు మనిషి, ఒకేసారి మూడు తాళ్లు విసిరి ఒకటి గుర్రం మెడకి, ఒకటి రౌతుకి, ఒకటి గుర్రం కాళ్లకి వేసినవాడు, ఆయన చేతుల్నే డేవిడ్‌సన్ జేబుల్లో దాచేశాడు! మొదట చూసినప్పుడు నా గుండె ఒక్కసారి ఆగినంత పనైంది. అవన్నీ తీసేసినా వంద అడుగుల దూరం నుంచి ఆయనే అని తెలుస్తుంది. భుజాల వాలు, మెడ ముందుకు రావడం, బరువంతా ఒంట్లోంచి కిందికి జారినట్టు నిలబడటం, వీటితో తెలుస్తుంది. ఇంకో కిటుకుంది. విగ్రహం ఎత్తు మీద ఉంది, తల కిందికి వంగి ఉంది. కింద నిలబడ్డవాడి కళ్లలోకి సూటిగా చూస్తుంది. మీ బస్ట్ గడ్డం ఎత్తి దిక్కులు చూస్తోంది. దాన్ని ఐదడుగుల దిమ్మె మీద పెడితే పిల్లలకి కనబడేది గడ్డం కింద భాగం, ముక్కు రంధ్రాలు. తల ఒక ఎనిమిది, పది డిగ్రీలు దించండి. ఆర్మేచర్ (క్లే లోపల ఉండే ఇనుప చట్రం) వంగకపోతే మెడ దగ్గర తీగతో క్లేని కోసేయండి, కొత్త గొట్టం బిగించి తలని మళ్లీ నిలబెట్టండి. భయపడకండి, నేను ఇరవైసార్లైనా చేసుంటాను.

టోపీ ఉండాల్సిందేనని లైబ్రరీ వాళ్లు అడిగారన్నారు. సరే. కానీ ఆరుబయట ఎండ నెత్తిమీంచి పడుతుంది. టోపీ అంచు నీడలో కళ్లు రెండూ నల్లటి గుంటలైపోతాయి. కంచు అసలే ముదురు రంగు. టోపీని బాగా వెనక్కి తొయ్యండి, నుదుటి మీద జుట్టు బయటికి రావాలి. ఆయన అలాగే పెట్టుకునేవాడు కూడా. అప్పుడు కనుబొమ మీద వెలుగు పడుతుంది. కనుపాపని గుంటగా తవ్వి, పైరెప్ప దగ్గర చిన్న మిరియపు గింజంత ముక్క వదలండి. కంటిలో మెరుపు దాని మీదే నిలబడుతుంది. టోపీ అంచుని నిజం ఫెల్ట్ మందంలో చేస్తే కంచులో రేకు ముక్కలా ఉంటుంది. చివర ఆరేడు మిల్లీమీటర్లకి లావు చేసి, కొంచెం గుండ్రంగా తిప్పండి. అంచు మీద వాన నీళ్లు నిలవకుండా ఒక వైపు వాలు ఇవ్వండి. మీ వైపు చలికి నీళ్లు గడ్డకడతాయి. కాబట్టి బస్ట్ లోపలికి దిగిన నీరు పోవడానికి అడుగున రంధ్రాలు ఉండాలని ఫౌండ్రీకి (కంచు పోత పోసే కార్ఖానాకి) ముందే రాసివ్వండి.

ఇక తాడు. ఒక పని నేను చేసి నష్టపోయాను కాబట్టి చెబుతున్నా. ఒక రైతు నాయకుడి విగ్రహానికి భుజం మీద పగ్గం చుట్ట పెట్టి, భుజంతో కలిపే ఒకే ముక్కగా పోయించాను. చుట్టల మధ్య సందుల్లోకి సెరామిక్ షెల్ (మైనపు బొమ్మ చుట్టూ కట్టే గట్టి పెంకు) సరిగ్గా పట్టక పగిలింది. లోహం సందుల్లోకి పాకి, తాడు కాస్తా ముద్దయింది. పదకొండు రోజులు ఉలితో, గ్రైండర్‌తో పురి గీతలు తవ్వుకున్నాను. మీరు తాడుని విడిగా చేయండి. భుజానికి తగిలే కింది చుట్ట మాత్రం క్లేలోనే చేసి బస్ట్‌తో పోయించండి. పై చుట్టలకి మూడు సన్నటి సిలికాన్ బ్రాంజ్ (ఒక రకం కంచు) కడ్డీలు తీసుకుని, ఎర్రగా కాల్చి కలిపి పురి తిప్పితే అచ్చం తాడులా వస్తుంది. తరవాత వెల్డ్ చేస్తే అతుకు దొరకదు. అయితే తాడు చుట్ట ఎలా వేలాడుతుందో కళ్లారా చూడకుండా చేయొద్దు. కౌబాయ్ తాడు మన కొబ్బరి తాడులా మెత్తగా వాలదు, బిరుసుగా నిలబడుతుంది. 1922 నాటి ఆయన మూకీ 'ద రోపింగ్ ఫూల్' లో తాడుని స్లో మోషన్‌లో చూపించారు, తెల్లగా కనబడాలని తాడుకి రంగు కూడా వేశారు. అది చూస్తే లూప్ బరువు ఎటు లాగుతుందో అర్థమవుతుంది. తాడుంటేనే రోజర్స్ అనే భయం మాత్రం వదిలేయండి. ముఖం కుదిరాక తాడు లేకుండా ఒకసారి చూసుకోండి. అప్పుడూ ఆయనే అయితే తాడు పెట్టండి.

గుర్రంతో ఎలా ఉంటుందో చూడాలంటే టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఎలెక్ట్రా వాగనర్ బిగ్స్ చేసిన విగ్రహం ఉంది, సోప్‌సడ్స్ అనే ఆయన గుర్రం మీద. 1947లో ఐసెన్‌హోవర్ ఆవిష్కరించారు. మంచి పని. కానీ మీది బస్ట్ కాబట్టి మీ గురువు డేవిడ్‌సనే. చూసి నేర్చుకోండి, నకలు మాత్రం తీయొద్దు.

ఫౌండ్రీ పని మీకు కొంత తెలుసన్నారు కాబట్టి త్వరగా చెబుతాను. క్లే మీద సిలికాన్ రబ్బరు, దానిమీద గట్టి తొడుగు, ఆ అచ్చులో మైనం పోత. మన శాస్త్రాల్లో మధూచ్ఛిష్ట విధానం అన్నదీ ఇదే. స్వామిమలైలో గట్టి పోత పోస్తారు, మీది మాత్రం లోపల బోలు. మైనం మందం ఐదు మిల్లీమీటర్లు ఉండాలి. తరవాత లోహం లోపలికి పారడానికి గొట్టాలు అతికి, సిలికా ద్రావణంలో ముంచి ఇసుక చల్లుతూ ఎనిమిది, పది పూతలు. కొలిమిలో మైనం కరిగిపోతుంది, షెల్ గట్టిపడుతుంది, ఆ ఖాళీలోకి 1,100 డిగ్రీల పైన కంచు పోస్తారు. అక్కడ ఎక్కువగా వాడేది సిలికాన్ బ్రాంజ్, సుమారు 95 శాతం రాగి. మైనం, కంచు రెండూ చల్లారేటప్పుడు కుదించుకుంటాయి, కలిపి రెండు మూడు శాతం. అందుకే టోపీని విడిగా పోయించినా తలతో పాటు అదే పద్ధతిలో, అదే ఫౌండ్రీలో పోయించండి. లేకపోతే టోపీ తలకి పట్టదు.

బరువు మీరే లెక్కవేసుకోవచ్చు. ఐదు మిల్లీమీటర్ల మందం కంచు ఒక చదరపు మీటరుకి దాదాపు 42 కిలోలు. మీ బస్ట్ ఉపరితలం, టోపీతో కలిపి, 0.75 నుంచి 0.9 చదరపు మీటరు ఉంటుంది. అంటే 32 నుంచి 38 కిలోలు, తాడు అదనం.

ఒక్క దశ దగ్గర మాత్రం మీరు తప్పకుండా ఉండాలి. అది మైనం. రబ్బరు నుంచి తీసిన మైనంలో అతుకు గీతలు, గాలి బుడగలు వస్తాయి. ఫౌండ్రీ కుర్రాళ్లు వేడి పనిముట్టుతో వాటిని నున్నగా చేసేస్తారు. వాళ్ల పనితనం మంచిదే, కానీ మీ వేలిముద్రలు, క్లే ముక్కలు అద్దిన గుర్తులు దానితోపాటు పోతాయి. కింది కనురెప్ప మీద అర మిల్లీమీటరు పోతే నవ్వు పోయినట్టే. రెండు రోజులు సెలవు పెట్టి, ముఖం వరకు మైనం మీరే సరిచేయండి.

పటీనాకి (రసాయనాలతో కంచు పైన తెచ్చే రంగుకి) బంగారు రంగు అడిగితే ఒప్పుకోకండి. మన ఊళ్లలో విగ్రహాలకి పూసే ఆ పెయింటు ముఖంలో నీడల్నన్నిటినీ మింగేస్తుంది. లోహాన్ని టార్చ్‌తో వేడిచేసి లివర్ ఆఫ్ సల్ఫర్ అనే నల్లబరిచే రసాయనం పూసి, ఎత్తు భాగాలు రుద్ది, పైన ఫెర్రిక్ నైట్రేట్‌తో గోధుమ రంగు తెచ్చి, వెచ్చగా ఉండగానే మైనం పట్టిస్తే చాలు. ఏడాదికోసారి మళ్లీ మైనం పట్టించాలి. పిల్లలు ముట్టుకుంటారు, ముట్టుకోనివ్వండి. కాపిటల్‌లో రోజర్స్ ఎడమ బూటు ముందు భాగం జనం చేతులు తగిలి తగిలి మెరుస్తుంటుంది. అధ్యక్షులు కూడా ప్రసంగానికి వెళ్లే ముందు అదృష్టం కోసం దాన్ని రుద్దుతారని చెబుతారు. మీ బస్ట్‌కి బూటు లేదు కాబట్టి చేతులు తాడు మీదికో, టోపీ అంచు మీదికో పోతాయి. ఆ రెండు చోట్లా వెల్డింగ్ గట్టిగా ఉండేలా, పదును అంచు లేకుండా చూసుకోండి.

తల దించి, పళ్లు తీసి, ఒక వారం పనిచేశాక రబ్బరు పోసే ముందు మళ్లీ ఇక్కడ ఫోటోలు పెట్టండి. రెండు పక్కల నుంచీ, వెనకనుంచీ, కింద నేలమీద కూర్చుని పైకి చూస్తూ తీసినవి. కెమెరా కనీసం పదడుగుల దూరంలో ఉండాలి.